ఫ్లోచార్ట్ యాడ్-ఇన్ కొత్త వెర్షన్ వేశాక బాణాలు పక్కకి పోతున్నాయి, పాతదానికే వెళ్లిపోవాలా?

గడులపుస్తకం:

అందరికీ నమస్కారం. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిక పట్టి చదవండి. నాలుగైదు తలనొప్పులు ఒకేసారి మొదలయ్యాయి, ఏది దేనివల్లో తెలియడం లేదు.

నా ఉద్యోగం ఆఫీసులో పని పద్ధతులు రాసిపెట్టడం. ఫైలు ఎవరి దగ్గర మొదలవ్వాలి, తర్వాత ఎవరు చూడాలి, కాదంటే వెనక్కి ఏ మెట్టుకి రావాలి, ఇవన్నీ ఎక్సెల్‌లోనే ఫ్లోచార్టులుగా గీస్తాను. ఒకే వర్క్‌బుక్‌లో 38 షీట్లు, షీటుకో చార్టు. చేత్తో గీయడం ఎప్పుడో మానేశాను. ఒక యాడ్-ఇన్ ఉంది, అంటే ఎక్సెల్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్, బాక్సులు, డైమండ్లు (అవును, కాదు తేల్చే చోటు పెట్టే గుర్తు), బాణాలు బటన్ నొక్కితే అదే వేస్తుంది, మధ్యలో కొత్త మెట్టు చేర్చాలంటే కింద ఉన్నవన్నీ తనే జరిపి బాణాలు కూడా మళ్లీ అతికిస్తుంది. ఐదేళ్లుగా అదే వాడుతున్నాను, పాత వెర్షన్‌కి చెయ్యి బాగా అలవాటు పడిపోయింది.

పోయిన వారం ల్యాప్‌టాప్ మార్చారు. పాతదాంట్లో ఆఫీస్ 32-బిట్, కొత్తదాంట్లో 64-బిట్. పాత యాడ్-ఇన్ తెరవగానే, ఈ కోడ్‌ని 64-బిట్ సిస్టమ్‌ల కోసం మార్చాలి, డిక్లేర్ అనే కోడ్ లైన్లకి పీటీఆర్‌సేఫ్ అనే గుర్తు పెట్టాలి అని ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. సరేనని తయారుచేసినవాళ్ల సైటు నుంచి కొత్త వెర్షన్ దించుకుని వేశాను. కష్టాలు అప్పుడే మొదలయ్యాయి.

వేసిన రోజు రిబ్బన్ మీద దాని ట్యాబ్ కనిపించింది, మర్నాడు ఎక్సెల్ తెరిస్తే లేదు. యాడ్-ఇన్స్ లిస్టులో టిక్ మాత్రం అలాగే ఉంది. టిక్ తీసి మళ్లీ పెడితే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు.

అసలు బాధ బాణాలతో. పాత చార్టులు తెరిస్తే అంతా బాగానే ఉంది, కానీ ఎక్కడైనా కొత్త మెట్టు చేర్చగానే ఆ చుట్టుపక్కల బాణాలు మారిపోతున్నాయి. మామూలు బాక్సుకి కింది నుంచి బయలుదేరాల్సిన బాణం కింది నుంచే వస్తోంది, డైమండ్‌కి కూడా సరిగ్గానే ఉంది, కానీ డేటా గుర్తు పెట్టిన చోట, అదే పక్కకి వాలినట్టుండే సమాంతర చతుర్భుజం, దాని ఎడమ పక్క నుంచి బాణం బయలుదేరి మెలికలు తిరిగి కిందికి వస్తోంది. గుండ్రటి కనెక్టర్ గుర్తుకి కూడా అంతే. చేత్తో సరిచేసి ఇంకో మెట్టు చేరిస్తే మళ్లీ మొదటికే.

ఇంకోటి, అన్నీ వరసలో పెట్టే బటన్ ఒకటి నొక్కాను, 60 బాక్సులు ఒక్కసారిగా ఎగిరి ఎక్కడెక్కడో పడ్డాయి, కంట్రోల్ జెడ్ నొక్కితే ఏమీ కాలేదు, అన్‌డూ గుర్తే మసకబారి ఉంది. ఆ షీటు మళ్లీ గీయడానికి రెండున్నర గంటలు పట్టింది. పైగా కొన్ని బాక్సుల్లో చివరి లైను సగానికి కోసేసినట్టు కనిపిస్తోంది. డైమండ్‌కి లేబుల్ అడిగే చిన్న బాక్సులో అవును అని తెలుగులో టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు పడుతున్నాయి, ఇది కూడా ముందు లేదు.

వచ్చే శుక్రవారం లోపు ఈ చార్టులు తనిఖీకి ఇవ్వాలి. ఆఫీస్‌ని 32-బిట్‌కి మార్పించుకుని పాత యాడ్-ఇన్‌కి వెళ్లిపోనా, లేక కొత్తదాన్నే దారికి తెచ్చుకునే మార్గం ఉందా? నిజంగా టెన్షన్‌గా ఉంది.


తాళంచెవి:

ట్యాబ్ సంగతి ముందు చెప్తాను, అది తేలిక. ఇంటర్నెట్ నుంచి దించిన ఫైలు మీద విండోస్ ఒక ముద్ర వేస్తుంది, ఇది బయటి నుంచి వచ్చింది అని. ఆ ముద్ర ఉన్న యాడ్-ఇన్‌ని ఎక్సెల్ లిస్టులో చూపిస్తూనే లోపల లోడ్ చేయకుండా వదిలేస్తుంది, ఏ హెచ్చరికా రాదు, అందుకే టిక్ ఉన్నా ట్యాబ్ లేదు. 2022 నుంచి ఇంటర్నెట్ నుంచి వచ్చిన మాక్రో ఫైళ్లని (మాక్రో అంటే ఎక్సెల్ లోపల నడిచే కోడ్, మీ యాడ్-ఇన్ కూడా అదే) మైక్రోసాఫ్ట్ మామూలుగానే ఆపేస్తోంది కాబట్టి ఇప్పుడు ఇది ఇంకా ఎక్కువ మందికి తగులుతోంది.

ఎక్సెల్ పూర్తిగా మూసేయండి. యాడ్-ఇన్ ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్ అడుగున అన్‌బ్లాక్ అని చిన్న గడి ఉంటుంది, టిక్ పెట్టి ఓకే. జిప్‌గా దించి ఉంటే జిప్ ఫైలుకే ముందు అన్‌బ్లాక్ చేసి ఆ తర్వాత విప్పండి, లేకపోతే లోపలి ఫైళ్లకి కూడా ఆ ముద్ర అంటుకుంటుంది. ఆ గడి కనిపించకపోతే ముద్ర లేనట్టే, అప్పుడు ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లో అడుగున మేనేజ్ దగ్గర డిసేబుల్డ్ ఐటమ్స్ ఎంచుకుని అందులో ఇది ఇరుక్కుందేమో చూడండి. ఎక్సెల్ ఒకసారి క్రాష్ అయితే ఆ సమయంలో నడుస్తున్న యాడ్-ఇన్‌ని అక్కడ పడేయొచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అన్‌బ్లాక్ అంటే ఆ కోడ్‌ని నేను నమ్ముతున్నాను అని మీరు సంతకం పెట్టినట్టు. తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచి దించారు కాబట్టి సరే, అదే ఫైలు ఎవరో మెయిల్‌లో పంపితే మాత్రం చేయకండి. ఆఫీసు కంప్యూటర్ కదా, ఐటీ వాళ్లకి ఒక మాట చెప్పి చేయండి.

పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ యాడ్-ఇన్స్ ఫోల్డర్‌లో ఉంచారా? రెండింటికీ టిక్ ఉంటే రెండూ లోడ్ అయి ఒకే బటన్ కోసం పోట్లాడుకోవచ్చు. పాతదాన్ని టిక్ తీసేసి ఇంకో చోటికి జరపండి, డిలీట్ మాత్రం చేయొద్దు.


కోడ్‌రాత:

గడులపుస్తకం గారూ, మీ బాణాల కథ చదవగానే అర్థమైంది, ఎందుకంటే సొంతంగా ఇలాంటి టూల్ రాసుకున్నప్పుడు సరిగ్గా ఇదే గుంటలో నేనూ పడ్డాను. పాత వెర్షన్‌కి వెళ్లక్కర్లేదు. ముందు లోపల ఏం జరుగుతోందో చెప్తాను, అది తెలిస్తే మీరే సరిచేసుకోగలరు.

ఎక్సెల్‌లో ప్రతి షేపు చుట్టూ బాణం (ఎక్సెల్ భాషలో కనెక్టర్) అతుక్కునే బిందువులు ఉంటాయి, బాణం దగ్గరికి తెస్తే చుక్కలుగా కనిపిస్తాయే, అవి. ప్రతి బిందువుకీ ఒక నంబరు. లెక్క పైనుంచి మొదలై గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. మామూలు బాక్సుకి నాలుగు బిందువులు, 1 పైన, 2 ఎడమ, 3 కింద, 4 కుడి. డైమండ్‌కి కూడా ఇదే లెక్క. డేటా గుర్తు దగ్గరికి వస్తే నాలుగు కాదు, ఆరు. పై అంచున రెండు, ఎడమ ఒకటి, కింది అంచున రెండు, కుడి ఒకటి. ఇప్పుడు మీరే లెక్కపెట్టండి, పై అంచువి రెండూ అయ్యాక మూడోది ఎక్కడుంది? ఎడమ పక్కన. గుండ్రటి గుర్తుకి ఎనిమిది ఉంటాయి, 1 పైన, 2 పై ఎడమ మూల వైపు, 3 మళ్లీ ఎడమే, కింది బిందువు నంబరు 5.

కొత్త వెర్షన్ రాసినవాళ్లు కింద అంటే 3 అని అన్ని షేపులకీ ఒకే నంబరు పెట్టేసి ఉంటారు. అందుకే బాక్సు, డైమండ్ సరిగ్గా ఉన్నాయి, మిగతా రెండూ ఎడమ నుంచి బయలుదేరుతున్నాయి. పాత వెర్షన్‌లో షేపు రకాన్ని బట్టి నంబరు మార్చే ఏర్పాటు ఏదో ఉండి ఉంటుంది, తిరగరాసినప్పుడు అది జారిపోయినట్టుంది.

మీ కళ్లతో చూసుకోవాలంటే ఒక డేటా గుర్తుని సెలెక్ట్ చేసి ఆల్ట్ ఎఫ్11 నొక్కండి, మాక్రో కోడ్ రాసే విజువల్ బేసిక్ ఎడిటర్ వస్తుంది, కంట్రోల్ జి నొక్కితే అడుగున ఇమ్మీడియట్ కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, సెలెక్షన్ చుక్క షేప్‌రేంజ్ చుక్క కనెక్షన్‌సైట్‌కౌంట్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. 6 అని వస్తుంది. మామూలు బాక్సు మీద అదే చేస్తే 4. ఈ రెండు అంకెలూ స్క్రీన్‌షాట్ తీసి తయారుచేసినవాళ్లకి పంపండి, ఒకే షీటు ఉన్న చిన్న ఫైలు కూడా జత చేయండి. బాణాలు సరిగ్గా రావడం లేదు అని ఊరికే రాస్తే ఏ డెవలపర్‌కీ ఏమీ దొరకదు, డేటా గుర్తు కింద మెట్టు చేరిస్తే బాణం మూడో బిందువుకి పోతోంది, ఐదో దానికి పోవాలి అని రాస్తే పావుగంటలో దిద్దేయొచ్చు.

పాత చార్టులు మీరు ముట్టుకునే వరకు ఎందుకు బాగున్నాయంటే, ఏ బాణం ఏ షేపుకి, ఎన్నో బిందువుకి అతికిందో ఫైలులోనే రాసి ఉంటుంది. ఆ బొమ్మ యాడ్-ఇన్‌ది కాదు, ఎక్సెల్‌ది. యాడ్-ఇన్ తీసేసినా మీ 38 చార్టులు అలాగే ఉంటాయి, ఆ భయం పెట్టుకోకండి. యాడ్-ఇన్ ముట్టుకున్న బాణాన్నే మళ్లీ అతికిస్తుంది, తప్పు అక్కడే దూరుతోంది.

వాళ్లు సరిచేసేలోపు, బాణం మీద రైట్ క్లిక్ చేస్తే రీరూట్ కనెక్టర్స్ అని వస్తుంది, అది రెండు షేపుల మధ్య దగ్గరి దారి చూసి అతికిస్తుంది. నిటారుగా ఒకదాని కింద ఒకటి ఉన్న మెట్లకి చక్కగా పనిచేస్తుంది. డైమండ్ నుంచి వచ్చే బాణాల మీద మాత్రం వాడకండి. అవును కిందికి, కాదు కుడికి అని మీరు పెట్టుకున్న పద్ధతి దానికి తెలియదు, దగ్గరైతే కాదు బాణాన్ని కూడా కిందికే లాగేస్తుంది. పైగా ఎక్సెల్‌లో బాణం లోపల అక్షరాలు రాయలేం కదా, లేబుల్ విడిగా పెట్టిన టెక్స్ట్ బాక్సు, బాణం జరిగినా అది ఉన్నచోటే ఉంటుంది, అప్పుడు అవును పక్కన కాదు బాణం వచ్చి కూర్చుంటుంది. పని పద్ధతి రాసే చార్టులో ఇంతకంటే ప్రమాదం లేదు, పైకి చూస్తే చార్టు బాగానే కనిపిస్తుంది, అర్థం మాత్రం తిరగబడి ఉంటుంది.

చేత్తో అతికించినప్పుడు బాణాన్ని క్లిక్ చేసి రెండు చివర్లూ చూడండి. ఆకుపచ్చ చుక్క ఉంటే అతికినట్టు, తెల్లగా ఉంటే ఊరికే పక్కన ఆనించినట్టు, బాక్సు జరిపితే విడిపోతుంది.

తెలుగు ప్రశ్నార్థకాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విజువల్ బేసిక్‌లో ఉన్న మామూలు ఇన్‌పుట్ బాక్సుకి యూనికోడ్, అంటే అన్ని లిపులనీ చూపే పద్ధతి, రాదు, విండోస్ సిస్టమ్ భాషకి చెందని లిపి టైప్ చేస్తే ఇదే గతి. ఎక్సెల్‌కి సొంతంగా ఇంకో ఇన్‌పుట్ బాక్సు ఉంది, దాంట్లో తెలుగు శుభ్రంగా వస్తుంది. వాళ్లు ఒక్క పదం మార్చితే సరిపోతుంది, ఇది కూడా మీ మెయిల్‌లో రాయండి. అప్పటిదాకా లేబుల్‌ని ఇంగ్లీషులో ఏదో ఒక అక్షరం ఇచ్చి తర్వాత టెక్స్ట్ బాక్సులోనే నేరుగా మార్చుకోండి.


గడులపుస్తకం:

తాళంచెవి గారూ, అన్‌బ్లాక్ గడి ఉంది! ఐటీ వాళ్లని అడిగి టిక్ పెట్టాను, ఇప్పటికి మూడుసార్లు మూసి తెరిచాను, ట్యాబ్ కదలలేదు. పాత ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉంది, జరిపేశాను.

కోడ్‌రాత గారూ, మీరు చెప్పినట్టే చేశాను. డేటా గుర్తు మీద 6, బాక్సు మీద 4, గుండ్రటి దాని మీద 8. ఇన్నేళ్లు రోజూ వాడుతూ ఆ చుక్కలకి నంబర్లు ఉంటాయని నాకు తెలియదు. వాళ్లకి మెయిల్ రాశాను, మీరు రాసిన వాక్యమే దాదాపు అలాగే పెట్టాను.

ఒక అనుమానం. ఒక షీటులో బాణం వేరే బాక్సుకి వెళ్లి అతుక్కుంది, అది బిందువు తప్పు కాదు, షేపే తప్పు. ఆ షీటులో ఒక బాక్సుని కాపీ చేసి కింద పేస్ట్ చేశాను, దానికీ దీనికీ సంబంధం ఉందా?


కోడ్‌రాత:

ఉంది. ఇలాంటి యాడ్-ఇన్‌లు తమ షేపుల్ని పేరుతో గుర్తుపడతాయి, బాక్సు సెలెక్ట్ చేస్తే ఫార్ములా బార్‌కి ఎడమ వైపు గడిలో కనిపించే పేరు. సొంత పేరు పెట్టిన బాక్సుని కాపీ చేసి పేస్ట్ చేస్తే ఒకే షీటులో ఒకే పేరుతో రెండు షేపులు ఉండిపోవచ్చు, ఎక్సెల్ అభ్యంతరం చెప్పదు. పేరు పెట్టి అడిగినప్పుడు మాత్రం మొదట దొరికినదాన్నే ఇస్తుంది. ఆల్ట్ ఎఫ్10 నొక్కితే షేపుల పేర్లన్నీ పక్కన లిస్టుగా వస్తాయి, రెండుసార్లు ఉన్న పేరు వెతికి ఒకదాన్ని మార్చండి. ఇకమీద మెట్టు కావాలంటే కాపీ కొట్టకుండా యాడ్-ఇన్ బటన్‌తోనే చేర్చండి.


పట్టికప్రియ:

నేను కొంచెం వేరే మాట చెప్తాను, నచ్చకపోతే వదిలేయండి. ఈ వెర్షన్ తప్పు వాళ్లు దిద్దుతారు, సరే, రెండేళ్ల తర్వాత ఇంకో వెర్షన్ వస్తుంది, అప్పుడు ఇంకేదో కదులుతుంది. మీ 38 చార్టుల్లో ఉన్న విషయం, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు అనేది, ఇప్పుడు ఎక్కడుంది? బాణాల్లో ఉంది. బాణం జరిగితే విషయమే జరిగినట్టు. దీన్ని నేను చాలాకాలం భరించి చివరికి మార్చుకున్నాను.

ప్రతి చార్టుకీ పక్క షీటులో ఒక పట్టిక పెట్టండి. మెట్టు నంబరు, అందులో రాసే మాట, గుర్తు రకం, తర్వాతి మెట్టు నంబరు. డైమండ్ అయితే తర్వాతి మెట్లు రెండు, వాటి ఎదురుగా అవును, కాదు. ఐదారు నిలువు వరసలు, అంతే. ఉదాహరణకి 4వ మెట్టు బిల్లు సరిచూడటం, డైమండ్, అవును అయితే 5, కాదు అయితే 2. ఇది చదవడానికి బొమ్మ కూడా అక్కర్లేదు. యాడ్-ఇన్ ఏదైనా సరే, ఏ వెర్షన్ అయినా సరే, బొమ్మ పాడైతే పట్టిక చూసి మళ్లీ గీయొచ్చు, పట్టిక నుంచి నేరుగా గీసే టూల్స్ కూడా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల బొమ్మలు గీసే ప్రోగ్రామ్ విజియోలో డేటా విజువలైజర్ అని ఉంది, అది సరిగ్గా ఇలాంటి ఎక్సెల్ పట్టికే అడుగుతుంది, మెట్టు గుర్తింపు సంఖ్య, వివరణ, తర్వాతి మెట్టు సంఖ్య, బాణం మీద లేబుల్, షేపు రకం, ఇవి చదివి ఫ్లోచార్ట్ వేస్తుంది, పట్టిక మారిస్తే బొమ్మని తాజా చేసుకోవచ్చు. దానికి లైసెన్స్ విడిగా కావాలి, అందుకని కొనమని చెప్పడం లేదు, ఆ ఆలోచన మీ ఎక్సెల్‌లోనే పెట్టుకోవచ్చు అంటున్నాను.

ఇంకో లాభం, పోయిన నెల చార్టుకీ ఈ నెల చార్టుకీ తేడా ఏంటని ఎవరైనా అడిగితే రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి వేలితో వెతకాలి, పట్టికైతే ఒక ఫార్ములాతో ఏ వరస మారిందో తేలిపోతుంది. తనిఖీకి వచ్చేవాళ్లు అడిగేది సాధారణంగా అదే.


గడులపుస్తకం:

పట్టికప్రియ గారూ, మాట నిజమే కానీ నా చార్టుల్లో బాక్సులు నేను చేత్తో సర్దినవి. ఒక విభాగం పనులు ఎడమ వైపు, ఇంకో విభాగం పనులు కుడి వైపు, చూడగానే ఎవరి పని ఎక్కడో తెలియాలి. పట్టిక నుంచి మళ్లీ గీయిస్తే ఆ అమరిక అంతా పోతుంది కదా?


కోడ్‌రాత:

పోనక్కర్లేదు. పట్టికలో ఇంకొక్క నిలువు వరస చేర్చి, ఆ బాక్సు పై ఎడమ మూల ఏ గడిలో ఉందో రాయండి. టాప్‌లెఫ్ట్‌సెల్ అని ఒక ప్రాపర్టీ ఉంది, కోడ్‌తో అయితే 38 షీట్లదీ ఒకేసారి రాబట్టొచ్చు, ఆ చిన్న కోడ్ నేను రాసి పెడతాను. పాయింట్ల లెక్కలో కొలతలు రాసుకోవద్దు, గడి చిరునామా రాసుకోండి, వరస వెడల్పు మారినా గడితో పాటే అమరిక నడుస్తుంది.

ఇంకో మాట, ఇది మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా గుర్తుంచుకోండి. ఇలాంటి యాడ్-ఇన్‌లు కొన్ని మాక్రోల నుంచి జావాస్క్రిప్ట్‌కి, అంటే వెబ్ పేజీల్లో వాడే కోడ్ భాషకి, మారుతున్నాయి, ఎందుకంటే మాక్రోలు బ్రౌజర్‌లో నడిచే ఎక్సెల్‌లో పనిచేయవు, జావాస్క్రిప్ట్‌వి అక్కడా, మ్యాక్‌లోనూ నడుస్తాయి. మార్పు మంచిదే, కానీ ఆ పద్ధతిలో ఇవే బిందువుల లెక్క 1 నుంచి కాకుండా 0 నుంచి మొదలవుతుంది. కింది బిందువు మాక్రోలో 3 అయితే అక్కడ 2. ఎవరైనా పాత నంబర్లు అలాగే తెచ్చి పెడితే బాక్సు, డైమండ్ల కింది నుంచి పోవాల్సిన బాణాలన్నీ కుడి పక్కకి పోతాయి. అలాంటి వెర్షన్ వచ్చిన రోజు నాలుగు రకాల గుర్తులూ ఉన్న ఒక పరీక్ష షీటు మీద ముందు వేసి చూడండి, 38 షీట్ల ఫైలు తెరవకండి.


రాత్రిషిఫ్ట్:

అన్‌డూ గురించి ఎవరూ చెప్పలేదు. మాక్రో షీటులో ఏదైనా మార్చగానే ఎక్సెల్ అన్‌డూ జాబితా ఖాళీ అయిపోతుంది, అది ఏ మాక్రో అయినా అంతే. మీ పాత వెర్షన్‌లో ఒక్క మెట్టు వెనక్కి వెళ్లగలిగేవారేమో, యాడ్-ఇన్ తనే సొంతంగా ఒక అన్‌డూ ఏర్పాటు చేసుకునే వీలుంది, కొత్తదాంట్లో అది లేనట్టుంది. అందుకని పెద్ద బటన్ ఏది నొక్కాలన్నా ముందు షీటు ట్యాబ్‌ని కంట్రోల్ పట్టుకుని పక్కకి లాగండి, కాపీ వచ్చేస్తుంది, అప్పుడు నొక్కండి. ఫైలు వన్‌డ్రైవ్‌లో ఆటోసేవ్‌తో ఉంటే సేవ్ చేయకుండా మూసేసినా లాభం లేదు, మార్పు అప్పటికే సేవ్ అయిపోతుంది, అలాంటప్పుడు వెర్షన్ హిస్టరీలోంచి పాతది తీసుకోవాలి. మీ 60 బాక్సుల షీటు అలా దొరికేదేమో, రెండున్నర గంటలు కూర్చున్నారంటే నాకే బాధేసింది.

చివరి లైను తెగడం గురించి ఒక ప్రశ్న, పాత షీట్లని కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త వర్క్‌బుక్‌లోకి కాపీ చేశారా? 2007 నుంచి ఎక్సెల్ మామూలు ఫాంటు కాలిబ్రి, ఇప్పటి మైక్రోసాఫ్ట్ 365లో కొత్త వర్క్‌బుక్ తెరిస్తే ఆప్టోస్ నారో. బాక్సులో అక్షరాలు థీమ్ ఫాంటు వాడుతుంటే షీటు వేరే వర్క్‌బుక్‌లోకి వెళ్లగానే ఆ వర్క్‌బుక్ ఫాంటు తీసుకుంటాయి. అక్షరం వెడల్పు, లైను ఎత్తు మారి బాక్సులో పట్టదు. అదే అయితే యాడ్-ఇన్ తప్పేమీ లేదు, పేజ్ లేఅవుట్‌లో ఫాంట్స్ దగ్గర కాలిబ్రి ఉన్న పాత ఆఫీస్ సెట్టు ఎంచుకుంటే సర్దుకుంటుంది.

ఎలాగూ షీట్లు సరిచేస్తున్నారు కాబట్టి ఇంకోటి కూడా చూడండి. బాక్సులన్నీ సెలెక్ట్ చేసి, ఫార్మాట్ షేప్‌లో ప్రాపర్టీస్ కింద గడులతో పాటు జరగాలి కానీ సైజు మారకూడదు అనేది పెట్టండి. మామూలుగా ఉండేది జరగడం, సైజు మారడం రెండూ, దానితో మధ్యలో ఒక వరస చేర్చినా, ఫిల్టర్ పెట్టి వరసలు దాచినా బాక్సు సాగుతుంది, లేదా నలిగిపోతుంది.


గడులపుస్తకం:

ఇప్పటిదాకా అయింది రాస్తున్నాను.

రాత్రిషిఫ్ట్ గారూ, అవును, పాత ఫైలు మరీ బరువెక్కిందని షీట్లన్నీ కొత్త వర్క్‌బుక్‌లోకి కాపీ చేశాను, అదే రోజు యాడ్-ఇన్ కూడా మార్చాను, అందుకే రెండూ కలిపేసుకున్నాను. ఫాంటు సెట్టు మార్చగానే తెగిన లైన్లన్నీ ఒక్కసారిగా బాక్సుల్లోకి వచ్చేశాయి, నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ఐదు రోజుల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను.

38 షీట్లూ తిప్పి చూశాను, డేటా గుర్తు గానీ గుండ్రటి గుర్తు గానీ ఉన్నవి 11 మాత్రమే. వాటిలో నేను కొత్త వెర్షన్‌తో ముట్టుకున్నవి 4. ఆ నాలుగింటిలో బాణాలు చేత్తో అతికించి ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటీ చూసుకున్నాను. డైమండ్ల దగ్గర రీరూట్ వాడలేదు. మిగతా ఏడింటినీ వాళ్లు సరిచేసిన వెర్షన్ పంపే దాకా తెరవను, బిందువుల సంగతి అర్థమైందని, దిద్దుతున్నామని జవాబు వచ్చింది. 32-బిట్‌కి మార్పించుకునే ఆలోచన మానేశాను. శుక్రవారానికి ఇవ్వాల్సినవి సిద్ధంగా ఉన్నాయి.

పట్టికప్రియ గారూ, కోడ్‌రాత గారి కోడ్‌తో గడి చిరునామాలు తీసుకుని పట్టికలు కూడా మొదలుపెట్టాను, ఆరు షీట్లు అయ్యాయి. ఏడోది రాస్తుంటే 9వ మెట్టు డైమండ్‌కి కాదు ఎదురుగా తర్వాతి మెట్టు నంబరు రాయడానికి ఏమీ లేదు. బొమ్మలోకి వెళ్లి చూస్తే ఆ బాణం పక్క బాక్సు మీదుగా వెళ్లి ఖాళీ చోట ఆగిపోయింది, చివర తెల్ల చుక్క. అది కొత్త వెర్షన్ చేసిన పని కాదు, పాత బ్యాకప్‌లో కూడా అలాగే ఉంది. దరఖాస్తు తిరస్కరిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ చార్టులో లేదన్నమాట. ఆ విభాగంలో పనిచేసేవాళ్లని అడిగి, వాళ్లు నిజంగా ఎక్కడికి పంపుతున్నారో తెలుసుకుని గీయాలి. రేపు పొద్దున్న ముందు అదే పని.